తడి వేలు

ఆయన పోయాడని తెలిసినప్పుడు నేను చేసిన మొదటి పని చేతులు కడుక్కోవడం. ఇది ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఆఫీసులో ఉండగా అమ్మ ఫోన్ చేసి చెప్పింది. అనాలి కాబట్టి "అయ్యో" అన్నాను. ఫోన్ పెట్టేసి, లేచి వెళ్లి, వేళ్ల సందుల్లో కూడా సబ్బు పట్టించి కడుక్కున్నాను. పక్క సీటు ఆవిడ నేను అన్నం తినబోతున్నాననుకుని తన డబ్బా తెరిచింది.

నేను ఆయన్ని ఎప్పుడూ తాకలేదు. ఆయనా నన్ను తాకలేదు. తాకినదల్లా తెర మీది నా ముఖాన్ని.

కలకత్తా ఖిదిర్‌పూర్‌లో మా క్వార్టర్ల నుంచి బస్సుల రోడ్డు మీదికి వచ్చే సందులో ఆయన ఫోటో స్టూడియో ఉండేది. నేను బాబాయ్ అనేదాన్ని. చుట్టరికం ఏమీ లేదు, మా నాన్న ఊరి వైపు మనిషి, అంతే. బెంగాలీ గిరాకీలు దాదా అనేవారు. చదువు అయిపోయాక రెండేళ్లకు పైగా అక్కడ పనిచేశాను. కర్టెను వెనక కంప్యూటరు, దాని ముందు నేను. ఎవరితోనూ మాట్లాడక్కర్లేని ఉద్యోగం దొరికిందని సంతోషపడ్డాను. కర్టెనుకి ఇవతల ఏం చూడాల్సి వస్తుందో అప్పటికి తెలియదు.

అన్నిటికంటే ముందు ఆయన వేలు గురించి చెప్పాలి. కుడిచేతి చూపుడు వేలు. తెర మీద ఎవరి ముఖమైనా తెరవగానే ఆయన నా భుజం వెనక నిలబడి, ఆ వేలు నాలుకకి తాకించి, తడి చేసుకుని, తెర మీద ఆ ముఖాన్ని రుద్దేవాడు. మొటిమ ఉంటే మొటిమ మీద, మచ్చ ఉంటే మచ్చ మీద. "ఇదిగో, ఇక్కడ. ఇక్కడ తుడిసీ" అనేవాడు. కిళ్లీ ఎరుపు కలిసిన ఆ తడి గాజు మీద ఒక గీతలా మెరిసి ఆరిపోయేది. పొద్దున్న నేను వెళ్లేసరికి నిన్నటి ముఖాలన్నిటి మీదా ఆయన వేసిన గీతలు ఎండిపోయి ఉండేవి. కళ్లజోడు తుడిచే గుడ్డ ఒకటి ఇంటి నుంచి తెచ్చుకున్నాను. దాన్ని మళ్లీ ఇంటికి తీసుకెళ్లలేకపోయాను.

ఆ అలవాటు ఎలా వచ్చిందో ఆయనే చెప్పాడు. చిన్నప్పుడు ఒక బెంగాలీ మాస్టారు దగ్గర నెగెటివ్‌లు దిద్దే పని నేర్చుకున్నాడట. సన్నటి కుంచె కొన నోట్లో పెట్టుకుని, ఉమ్మితోనే రంగు కలిపి, ఫోటో మీది తెల్ల చుక్కలు పూడ్చేవారట. నీళ్లయితే కాగితం మీద పరుచుకుంటాయి, ఉమ్మి అయితే పెట్టినచోట నిలబడుతుంది. "ఈ ఊర్లో సగం పెళ్లిళ్లు మా గురువుగారి ఉమ్ముతోటే అయ్యేయి" అని నవ్వేవాడు. చెప్పిన ప్రతిసారీ కొత్తగా చెబుతున్నట్టు నవ్వేవాడు. కుంచె పోయింది, ఫిల్మూ పోయింది, ఉమ్మి మాత్రం మిగిలింది.

రెండోది పౌడరు పఫ్. గులాబీ రంగుదట, ఒకప్పుడు. నేను చూసేనాటికి బూడిద రంగులో ఉండేది. స్టూలు మీద కూర్చున్న ప్రతివాళ్ల ముఖానికీ అదే. గుర్తింపు కార్డు ఫోటోకి డ్యూటీ మధ్యలో వచ్చిన ఊడ్పు పని ఆవిడకీ అదే, సంబంధం వాళ్లకి పంపడానికి పట్టుచీర కట్టుకొచ్చిన పిల్లకీ అదే. అందరి ముఖాల జిడ్డూ దాంట్లో పేరుకుపోయి, ఒక వాసన వేసేది. ఎవరింట్లోనైనా మనిషి పోతే ఆయన్ని కెమెరాతో రమ్మనేవారు. అప్పుడు కూడా ఆ పఫ్ జేబులో వేసుకుని వెళ్లేవాడని టీ కొట్టతను అనేవాడు. నిజమో కాదో అడగలేదు. తెలుసుకోవాలనీ అనిపించలేదు.

పొద్దున్నే కొట్టు తెరవగానే లైట్ల పరీక్ష. ఆయన స్టూలు మీద కూర్చునేవాడు, నేను మీట నొక్కేదాన్ని. ఆ తర్వాత కెమెరా అందుకుని, వెనక చిన్న తెర మీద తన ముఖం పడినచోట బొటనవేలు అడ్డం పెట్టుకుని, చుట్టూ ఉన్న వెలుగు మాత్రం చూసుకునేవాడు. "సరిపోనాది. తీసీ దీన్ని" అనేవాడు. నేను కార్డు ఖాళీ చేసేదాన్ని. అప్పుడు వెనక్కి వెళ్లి, అద్దం ముందు తన ముఖానికి ఆ పఫ్‌తోనే పౌడరు అద్దుకుని, దుకాణదారుడై బయటికి వచ్చేవాడు.

ఆయన భార్యని పిన్ని అనేదాన్ని. మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది. ముందు గుమ్మంలోంచి రానిచ్చేవాడు కాదు. "గిరాకీలుంటారు. ఎనకనుంచి రా" అనేవాడు. ఒకసారి వాన పడుతుంటే ఆవిడ తెలియక ముందునుంచి వచ్చింది. లోపల ఒక బెంగాలీ కుటుంబం ఉంది. ఆయన ఆవిడ చేతిలో క్యారియరు అందుకుని, "రేఖే జావో" అన్నాడు, పెట్టేసి వెళ్లమని, పనిమనిషితో అన్నట్టు. ఆవిడ చెప్పులు చేత్తో పట్టుకుని వాన్లోకి వెళ్లిపోయింది. ఆవిడ చాలా నలుపు. నాకంటే కూడా.

కొత్త కెమెరా కొన్నాక మొదలైంది అసలు గొడవ. దాని ఫైళ్లు మా పాత సాఫ్ట్‌వేర్‌లో తెరుచుకోలేదు. కెమెరా తీసేది ఇంకా ఫోటో కాదు. ఎక్కడెక్కడ ఎంత వెలుగు పడిందో రాసి పెట్టుకున్న లెక్క, అంతే. ఆయన దాన్ని 'పచ్చిది' అనేవాడు. దాన్ని ఏదో ఒక సాఫ్ట్‌వేర్‌లో తెరిస్తేనే ముఖం అవుతుంది. ఒకే పచ్చి ఫైలుని ఒక్కో సాఫ్ట్‌వేర్ ఒక్కో రంగులో తెరుస్తుంది. ఇది మొదటిసారి చూసినప్పుడు ఫైలు మూసి మళ్లీ తెరిచి చూశాను. అదే మనిషి, అదే వెలుగు, ఒకచోట జ్వరం వచ్చినట్టు ఎర్రగా, ఇంకోచోట చాకలి ఉతికినట్టు తెల్లగా. ఏది ఆ మనిషి రంగో ఎవరు చెప్పాలి?

మూడింటిని పరీక్షకి పెట్టుకున్నాం. నెలనెలా అద్దె కట్టాల్సినది ఒకటి. కెమెరా కంపెనీ వాళ్లు కెమెరాతో పాటే ఇచ్చినది ఒకటి. డబ్బు తీసుకోకుండా ఎవరో కలిసి తయారుచేసి పంచిపెట్టేది ఒకటి. మేం వాటిని అద్దెది, కంపెనీది, ఊరికేది అనుకునేవాళ్లం.

నాకు ఊరికేది నచ్చింది. తెరవగానే ఏ ముఖమైనా చప్పగా, మబ్బు పట్టిన మధ్యాహ్నంలా కనిపించేది. అది తన రంగేమీ పూయదు. ఎంత వెలుగు కావాలో, ఏ రంగు ఎంతో మనమే కూర్చుని చూసుకోవాలి. ఆలస్యమే. కానీ నల్లటి చర్మంలో ఎన్ని రంగులుంటాయో నాకు దాంట్లోనే తెలిసింది. చెంప మీద ఎరుపు, గడ్డం కింద నీలం, నుదుటి మీద ఇత్తడి. ఇదంతా ఆయనకి చెప్పాలని ఇంట్లో రెండుసార్లు మాటలు కూర్చుకున్నాను. ఎదురుగా నిలబడ్డాక "ఇది బాగుంది బాబాయ్" అని మాత్రం అనగలిగాను.

"ఏటి బాగు? మొగాలన్నీ మసిగుడ్డల్లాగున్నాయి."

"అసలు రంగులు అవే కదా బాబాయ్."

"అసలు ఎవులిక్కావాలే? కెమేరా సాచ్చికం సెప్తాది. మనం వకీలు పని సెయ్యాల."

ఏదో ఒక ముఖం మీద మూడూ నడిపి చూద్దామన్నాడు. ఎవరి ముఖం అని అడిగాను. ఆయన నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, స్టూలు చూపించాడు.

"కూకో. నీ మొగమ్మీద పంజేసిందనుకో, ఇంకెవుల మొగమ్మీదైనా పంజేస్తాది."

కూర్చున్నాను. ఎందుకు కూర్చున్నావని నన్ను నేను డైరీలో చాలాసార్లు అడిగాను. ఆయన పఫ్ తీసుకుని వచ్చాడు. వద్దని తల అడ్డంగా ఊపాను. ఆ రోజు నేను సాధించింది అది ఒక్కటే. "మరీ మంచిది. పచ్చి మొగమైతేనే పరీచ్చ" అని పఫ్ సొరుగులో పడేశాడు.

మూడు సాఫ్ట్‌వేర్లలో మూడు ముఖాలు తెరిచి, తెర మీద పక్కపక్కన పెట్టమన్నాడు. పెట్టాను. పెట్టాక ఆయన కర్టెను పూర్తిగా పక్కకి లాగి, గుమ్మంలో నిలబడి, టీ కొట్టతన్నీ, పక్కనున్న టైలర్నీ, ఎదుటి బ్యూటీ పార్లరు ఆవిడనీ పిలిచాడు. వాళ్లు నవ్వుతూ వచ్చారు. నన్ను టీలు పట్టుకు రమ్మన్నాడు. నేను మట్టికప్పులు అందిస్తూంటే వాళ్లు నా ముఖాల ముందు నిలబడి తాగారు.

"బోలున్, కోన్‌టా భాలో?" అని అడిగాడు ఆయన, ఏది బాగుందో చెప్పమని, చేపల బజార్లో అడిగినట్టు.

టైలరు ఊరికేది తెరిచిన ముఖం చూసి, "ఎటా తో కాజేర్ మాషీ" అన్నాడు. ఇదైతే ఇళ్లల్లో పనిచేసే మాషీ అట. టీ కొట్టతను అద్దెది చూపించి, "ఆర్ ఎటా మేమ్‌సాహెబ్" అన్నాడు, ఇదేమో దొరసాని అని. అందరూ నవ్వారు. పార్లరు ఆవిడ మాత్రం నవ్వలేదు. దగ్గరికి వచ్చి నా ముక్కుకి రెండు పక్కలా తెర మీద గోరుతో చూపించి, ఇక్కడ ఇంకా నలుపు మిగిలిపోయిందని ఆయనకి చెప్పింది. వృత్తిమాట చెప్పినట్టు చెప్పింది. ఆయన వేలు నాలుక మీద పెట్టుకున్నాడు. తడి చేసుకున్నాడు. నా ముక్కు పక్కన రుద్దాడు. ముందు కుడివైపు. తర్వాత ఎడమవైపు.

నేను టీ పళ్లెం పట్టుకుని వెనక నిలబడి ఉన్నాను. ముక్కు పక్కన చల్లగా తగిలింది. నిజంగా తగిలింది.

అద్దెదే నిలిచింది. దాంట్లో ఒక మీట ఉంది. ఫోటోలో చర్మం ఎక్కడుందో అదే వెతుక్కుంటుంది, అదే తెలుపు చేస్తుంది, ఒక్క ఫోటోకి చేస్తే మిగతా వందకి దానంతట అదే అంటిస్తుంది. "ఒక్క నొక్కుడు. మా గురువుగారికి ఒక్కో మొగానికీ ఒక పూట పట్టేది" అన్నాడు ఆయన. గురువుగారిని తలుచుకుని కళ్లు తుడుచుకున్నాడు కూడా. ఆ వేలితోనే.

తర్వాతి వారం నేను క్వార్టర్ల నుంచి సందులోకి తిరిగేసరికి నా ముఖం కొట్టు ముందరి అద్దంలో ఉంది. మనిషెత్తు ఫోటో. ముక్కు మీదుగా నిలువుగా ఒక గీత. గీతకి ఇటు నేను, అటు మేమ్‌సాహెబ్. ఇటు 'ఆగే', అటు 'పోరే' అని బెంగాలీలో పెద్ద అక్షరాలు. ముందు, తర్వాత. రోడ్డున పోయేవాళ్లు ఒక్క క్షణం ఆగి, దాన్ని చూసి, లోపలికి వెళ్తున్న నన్ను చూసి, మళ్లీ దాన్ని చూసేవారు. క్వార్టర్లలో అందరూ చూశారు. మా నాన్న చూసి, ఆ రోజు నుంచి ఆ సందు మానేసి చుట్టు తిరిగి డ్యూటీకి వెళ్లడం మొదలుపెట్టాడు. అమ్మ మాత్రం కొట్టుకి వచ్చి కాసేపు నిలబడి చూసి, "అటుపక్కది బాగుందే" అంది.

తీసేయమని ఆయన్ని అడగడానికి నాకు నోరు రాలేదు. ఒకరోజు అద్దం తుడుస్తున్నట్టు దాని ముందు నిలబడి, "ఇది ఎన్నాళ్లుంటుంది బాబాయ్" అన్నాను.

"నువ్వు తెల్లబడేదాకా" అన్నాడు. జోకు వేశాననుకున్నాడు. జేబులో ఉన్న చిల్లర గలగలలాడేలా నవ్వాడు.

అయినా మానలేదు. అమ్మకి ఏం చెప్పాలో తెలియక, ఇంకో పని ఎలా అడగాలో తెలియక. ఇంకా ఒక కారణం ఉంది. పచ్చి ఫైళ్లు. అద్దెది తన తెలుపు పూయకముందు, తెరుచుకునేటప్పుడు అర క్షణం పాటు, కెమెరా చూసిన ముఖం అలాగే కనిపించి మాయమయ్యేది. నేను ఆ అర క్షణం కోసం చూసేదాన్ని. ప్రతి శనివారం ఆయన పచ్చివన్నీ చెరిపేయమనేవాడు. తెల్లవి ఉన్నాయిగా, పచ్చివి ఎందుకు, డిస్కు నిండిపోతుంది. "పచ్చిది ఎవులి కంటా పడకూడదు" అనేవాడు. చెరిపేసేదాన్ని.

హౌరా వైపు టికియాపారా నుంచి ఒక తెలుగు పిల్ల వచ్చింది కూడా అలా చెరిపేసిన ఒక శనివారం తర్వాతే. నా వయసే ఉంటుంది. వాళ్ల నాన్నది రైల్వేలో పని, అమ్మ కార్పొరేషన్‌లో ఊడ్చేది. ఆ అమ్మ కొన్నాళ్ల క్రితం మా కొట్టుకి వచ్చి, గుర్తింపు కార్డుకి ఒకటి తీయించుకుని, ఎలాగూ వస్తున్నాను కదా అని సంచిలో తెచ్చుకున్న పట్టుచీరలో ఒకటి తీయించుకుని వెళ్లింది. ఇప్పుడు పోయింది. గోడకి పెట్టడానికి పెద్ద ఫోటో కావాలని కూతురు వచ్చింది. తెర మీద తెరిచాను. ఆ పిల్ల చాలాసేపు చూసింది.

"ఇది మాయమ్మ కాదండి."

"మీ అమ్మే. సీర సూడు" అన్నాడు ఆయన.

"సీర మాయమ్మదే" అంది.

ఆమె గడ్డం మీద కాలిన మచ్చ ఉండాలట. తను పాకే వయసులో గంజి గిన్నె లాగేసుకుంటే, అమ్మ అడ్డం పడి తన ముఖాన పోసుకుందట. ఆ మచ్చ ఏదని అడిగింది.

"తీసేసేం. అడక్కండానే తీసేం" అన్నాడు ఆయన, మంచి పని చేసినవాడిలా.

"మళ్లీ ఎట్టీయండి."

ఆయన నావైపు చూశాడు. నేను పచ్చి ఫైలు కోసం వెతికాను, లేదని తెలిసి కూడా. గుర్తింపు కార్డుకి తీసినదీ తెల్లగానే ఉంది. డిస్కులో ఆమె ముఖం అంటూ ఎక్కడా లేదు.

"ఏటలా సూస్తావు? గీసీ ఒక మచ్చ. కుర్చీ తెచ్చీ, ఆ పాపని పక్కన కూకోబెట్టు. ఎక్కడో సెప్తాది" అన్నాడు.

గీశాను. తెల్లటి ఆ ముఖం మీద ఒక గోధుమరంగు మరక. కాదు, ఇంకా కిందికి అంది. కిందికి జరిపాను. ఆయన మధ్యలో దూరి, వేలు నాలుక మీద పెట్టుకుని, "ఇక్కడా? ఇక్కడా?" అంటూ ఆ అమ్మ గడ్డం మీద తడి చుక్కలు పెట్టాడు. ఆ పిల్ల తెర మీద మెరుస్తున్న ఆ తడి వైపు చూసింది. తర్వాత తన గడ్డం మీద చెయ్యి పెట్టుకుని వెతుక్కుంది. ఎడమవైపు అంది. కాదు, కుడి. ఎదురుగా కూర్చుని తినిపించేటప్పుడు ఇటు ఉండేది అంటూ చెయ్యి గాల్లో పెట్టి చూసుకుంది. మళ్లీ ఎడమ అంది. అక్కడ ఆగిపోయింది. తనకే గుర్తులేదని తనకి అప్పుడు తెలిసినట్టుంది. ఏడవలేదు. చెయ్యి ఒళ్లో పెట్టుకుంది.

"ఏదో ఒక పక్కనెట్టీ పాపా. బేగి. గిరాకీలున్నారు" అన్నాడు ఆయన.

ఏదో ఒక పక్క పెట్టిన ఆ ఫోటో తీసుకునే ఆ పిల్ల వెళ్లింది. ఇంకేం తీసుకోగలదు? ఆ పూట నేను అన్నం తినలేదు. పిన్ని తెచ్చిన క్యారియరు మూత తీసి ఆయన తింటూంటే ఆ వేలు పులుసులోకి, పులుసులోంచి నోట్లోకి వెళ్లి రావడం చూస్తూ కూర్చున్నాను.

మర్నాడు మానేస్తానని చెప్పడానికి వెళ్లాను. చెప్పలేకపోయాను. ఆయన అలవాటుగా స్టూలెక్కి కూర్చున్నాడు. నేను అలవాటుగా మీట నొక్కాను. కెమెరా బల్ల మీద పెట్టి, కార్డు ఖాళీ చేయకుండా, నా సంచి తీసుకుని బయటికి నడిచాను. "ఏటే, తీసీసేవా? ఎక్కడికే?" అని వెనక వినిపించింది. అద్దంలో నా రెండు ముఖాల పక్కనుంచి రోడ్డు మీదికి వచ్చేశాను.

ఇప్పుడు నేను వేరే ఆఫీసులో పాత కాగితాలు స్కాన్ చేస్తాను. కాగితాలకి ముఖాలుండవు.

ఆయన పోయిన మూడో రోజో నాలుగో రోజో, సాయంత్రం, పిన్ని మా ఇంటికి వచ్చింది. ముందు గుమ్మంలోంచే వచ్చింది. గుండెపోటట, కొట్లోనే. ఆమె చేతిలో గుడ్డసంచి, దాంట్లో కెమెరా.

"పెద్దకర్మ ఊర్లో సేస్తన్నారమ్మా. ఫొటో తెమ్మన్నారు. ఆయన ఫొటో ఒక్కటీ నేదు" అంది. "పెళ్లిదుంది గాని, అందులో మొగం ఆయన పెన్సిల్తో గీసుకున్నదే. దీంట్లో ఏటైనా ఉందేటో సూడు. నాకు తెరవడం తెల్దు."

అమ్మ టీ పెట్టడానికి వెళ్లింది. నా లాప్‌టాప్‌లో ఊరికేది ఉంది. గుడ్డసంచి లోపలి జేబులో దొరికిన కార్డు పెట్టాను. నేను వెళ్లిపోయాక కొట్లో ఆయన వేరే కార్డు వాడుకున్నట్టున్నాడు. ఖాళీ చేసే మనిషి లేక దీన్ని తీసి ఆ జేబులో పడేశాడు కాబోలు. దాంట్లో ఒక్కటే ఫైలు, నేను మానేసిన ఆ పొద్దుటిది. తెరిచాను.

మబ్బు పట్టిన మధ్యాహ్నంలాంటి ఆ చప్పటి వెలుగులో ఆయన ముఖం. పౌడరు లేదు. అమ్మవారి గుంటలు చెంపల నిండా ఉన్నాయి. రోజూ పొద్దున్న మీట మీదే చూపు పెట్టుకుని నొక్కిన నేను ఒక్కసారైనా గమనించలేదు, మిగతా రోజంతా అంత మందంగా ఉండేది పౌడరు. నలుపు. పిన్నికి తీసిపోని నలుపు. నోరు కొంచెం తెరుచుకుని, కళ్లు కెమెరాలోకి సూటిగా కాక కాస్త కిందికి, దెబ్బ పడబోతుందని తెలిసినవాడిలా. జాలి వేసిందని రాయొచ్చు. రాస్తే నా డైరీ కూడా నమ్మదు. ఈ ముఖం ఉన్న మనిషి ఆ పని చేశాడు, ఇన్నేళ్లు, ఇంతమందికి. తెల్లవాడెవడైనా చేసి ఉంటే ఇంత రోత పుట్టేది కాదేమో.

తెర మీద ఆయన గడ్డం దగ్గర ధూళి చుక్క ఒకటి కనిపించింది. తుడవబోయాను. నా వేలు నా నాలుక దాకా వచ్చింది. అక్కడ ఆపాను. లేచి వెళ్లి చేతులు కడుక్కుని వచ్చాను.

పిన్ని ఈలోగా కుర్చీ దగ్గరికి జరుపుకుని చూస్తూ ఉంది. రెప్ప వేయడం లేదు.

"ఇలాగే ఉంచనా పిన్నీ? వెలుగు కొంచెం సరిచేస్తే చాలు" అన్నాను. ఉంచమంటుందనే అనుకున్నాను. ఈ ఊళ్లో ఇంకెవరు అనకపోయినా ఈవిడ అంటుందనుకున్నాను.

"ఆయన సేసినట్టే సెయ్యమ్మా. తెల్లగా" అంది.

ఆ ఒక్క నొక్కుడు నా దగ్గర లేదు. ఊరికేదాంట్లో అన్నీ చేత్తోనే చేయాలి. ఆయన నుదురు, ఆయన చెంపలు, ఒక్కో గుంట, ఒక్కో గుంట. ఎప్పుడూ తాకని మనిషి ముఖాన్ని ఆ ఆదివారమంతా తడుముతూ కూర్చున్నాను. ఒక గుంట పూడ్చాక పక్కది ఇంకా లోతుగా కనిపించేది. పూర్తయ్యాక తెర మీద మిగిలినవాణ్ణి ఎక్కడైనా చూడొచ్చు, ఏ ఇంటి గోడ మీదైనా. ఎవరో ఒక పెద్దమనిషి. ముఖం అనేది అసలు లేదు.

అచ్చు వేయించేటప్పుడు రెండూ వేయించాను. తెల్లది పటం కట్టించాను. పచ్చిది, వెలుగు మాత్రం సరిచేసింది, కవర్లో పెట్టాను. ఎవరూ నన్ను అడగలేదు. ఆ టికియాపారా పిల్లకి ఇవ్వలేనిది ఎవరికో ఒకరికి ఇవ్వాలనిపించింది, అంతే.

పిన్ని ప్రయాణం రోజు హౌరా స్టేషనుకి వెళ్లాను. కర్మ అయ్యాక ఇంక రానంది, తమ్ముడి దగ్గరే ఉండిపోతానంది. పెట్టె మీద కూర్చుని ఉంది. పటం విప్పి చూసి, "బాగుందమ్మా" అని తువ్వాల్లో చుట్టుకుంది. బండి పెట్టారు. జనం తోసుకుంటున్నారు. నేను కవరు ఆమె చేతిలో పెట్టి, "ఇది కూడా తెచ్చాను పిన్నీ. అసలుది" అన్నాను. అంత మాట గట్టిగా అనడం నాకే కొత్తగా ఉంది.

ఆమె ఫోటో సగం బయటికి లాగి చూసింది. అన్నాళ్లు వెనక గుమ్మంలోంచి వచ్చి వెళ్లిన మనిషి, నిదానంగా, ఎవరి తొందరా లేకుండా చూసింది. మళ్లీ లోపలికి తోసి, కవరు నా చేతిలో పెట్టి, నా వేళ్లు దాని మీద మూసి, బండెక్కింది. కిటికీ దగ్గరికి పరుగెత్తాను. పటం ఒళ్లో పెట్టుకుని కూర్చుని, ఊచల్లోంచి నన్ను చూసి చెప్పింది.

"ఆ మనిసి నీకాడ ఉండనీ అమ్మా. నాకాడ సాలా కాలం ఉన్నాడు."